కెమెరాకు కాడి పుండు

నలభై ఒక్క ఫొటోలు తీసి, తీయించుకున్నవాళ్ల చేతిలో ఒక్కటంటే ఒక్క ఫొటో పెట్టిన మొనగాణ్ణి మీరు ఎక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. అసలు ఒక్కటి కూడా రాలేదంటే జనం నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవారు. వచ్చింది. రావడమే నా కొంప ముంచింది. ఆ ఒక్క ఫొటో పుణ్యమా అని మూడు నెలలు వెనక సందులోంచి దుకాణానికి వెళ్లాను, చాయ్ హోటల్ గడప తొక్కడం మానేశాను, ఒక దశలో కెమెరా అమ్మేసి బర్రెలు కొనుక్కుందామని కూడా అనుకున్నాను. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, అప్పటి నా ఏడుపు నిజమైన ఏడుపే.

ఎనభైల చివరి సంవత్సరాలవి. నల్లగొండ గడియారం సెంటర్ పక్క సందులో నాకొక స్టూడియో ఉండేది. స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒకరు కూర్చోవాలంటే ఇంకొకరు బయటికి పోవాల్సినంత జాగా. అందులో ఒక బల్ల, ఒక పరదా, ఒక అద్దం, ఇరవై నాలుగేళ్ల నేను. నా దగ్గర సెకండ్‌హ్యాండ్ కెమెరా ఒకటి, దాని నెత్తిన ఒక ఫ్లాష్ ఉండేవి. నా నెత్తిన చెవులు కప్పేంత జుట్టు ఉండేది. మూడింటిలో నేను ఎక్కువ శ్రద్ధ పెట్టింది జుట్టు మీదేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

కలర్ ఫొటోలు అప్పుడప్పుడే జోరందుకుంటున్నాయి. జనానికి రంగులు కావాలి. నేను అడిగిన రంగులతోపాటు అడగని రంగొకటి ఊరికే ఇచ్చేవాణ్ణి, కళ్లలో ఎరుపు. ఫ్లాష్ లెన్సుకు సరిగ్గా పైనే కూర్చుంటే ఆ వెలుగు కంటి లోపలికి పోయి ఎర్రగా తిరిగివస్తుంది. అది శాస్త్రం. కానీ శాస్త్రం పెళ్లికూతురి మేనమామకు చెబితే వింటాడా?

"ఏం తీసినవ్ రా యాదగిరీ? మా పిల్లకు దయ్యం వట్టినట్టుంది!"

"లే మామా, గది ఫ్లాష్ ఎలుగు..."

"పిల్లగాని కండ్లు గూడ గట్లనే ఉన్నయి. ఇద్దరికి ఒక్కటేసారి వట్టిందా?"

ఇలాంటి అక్షింతలు నాలుగైదు పడ్డాక, ఫ్లాష్‌ను కెమెరా నెత్తి మీంచి దించి పక్కకు జరపక తప్పదని తేలిపోయింది. దానికి కావలసింది బ్రాకెట్. అదేమీ బ్రహ్మపదార్థం కాదు. మోచేయిలా వంచిన ఇనుప పట్టీ. ఒక కొసను కెమెరా అడుగున మరతో బిగిస్తారు. రెండో కొస పక్కనుంచి పైకి లేచి ఫ్లాష్‌ను మోస్తుంది. ఇంతే. ఇంత చిన్న వస్తువును ఎంచుకోవడంలో ఒక మనిషి ఎంత పెద్ద తప్పు చేయగలడో అప్పటికి లోకానికి తెలియదు, నేనింకా చేయలేదు కనుక.

సరిగ్గా అప్పుడే పానగల్ నుంచి ఖాజామియా వచ్చాడు. ఆయనకు అక్కడ బత్తాయి తోట ఉంది. మా బాపుకు పశువుల అంగట్లో కుదిరిన పాత దోస్తు, నాకు చాచా. వస్తూనే నా బల్ల మీద నాలుగు బత్తాయిలు పెట్టాడు.

"హజ్‌కు పోతున్న బిడ్డా. పైవారమే ప్రయాణం. నువ్వు తీసిన పాస్‌పోర్టు ఫొటోతోని పనయ్యింది."

"మంచి ముచ్చట చాచా!"

"పొయ్యేముందు అందరిని మాఫీ అడగాలె. అది మా రివాజు. చుట్టాలు, పక్కాలు, ఊరోళ్లు అందరొస్తరు. నువ్వొచ్చి ఫొటోలు తియ్యాలె." గొంతు తగ్గించాడు. "భాయిజాన్ గూడ వస్తనని కబురు వంపిండు."

భాయిజాన్ అంటే ఆయన అన్న లాలుమియా. ఇద్దరి తోటలూ పక్కపక్కనే. మధ్యలో ఒక బావి, బావికి ఒక మోటరు. ఏ రోజు ఎవరి వంతు అన్న దగ్గర మొదలైన మాట పన్నెండేళ్లుగా మాటల్లేకుండా చేసింది. పండుగ నమాజుకు వెళ్తే అన్న ఒక కొసన, తమ్ముడు ఇంకో కొసన. వాళ్ల తల్లి, అందరికీ అమ్మీ, ఒక నెల ఒక కొడుకు దగ్గర, ఒక నెల ఇంకో కొడుకు దగ్గర ఉండేది.

"అమ్మీ ఒక్కటే అడుగుతాంది యాదగిరీ. నేనూ భాయిజానూ గలే కలిసి కౌగిలిచ్చుకున్న ఫొటో గావాల్నట. ఆమెకు ఎనభై దాటినయి. నేను తిరిగొస్తనో రానో అల్లా ఇచ్ఛ. కడమ ఫొటోలు వచ్చినా రాకున్నా ఫికర్ లేదు. గా ఒక్కటి మాత్రం మంచిగ రావాలె. కండ్లు ఎర్రగ రావద్దు జర. భాయిజాన్‌వి మామూలుగనే ఎర్రగుంటయి."

నేను గుండె మీద చెయ్యి వేసి మాటిచ్చాను. మర్నాడే బ్రాకెట్ కొనడానికి హైదరాబాద్ బయలుదేరాను. ఒక్కణ్ణే పోతే ఈ కథ ఉండేది కాదు. "నేను గూడ వస్త" అన్నాడు బాపు. ఆ మాట కాదనేవాడు మా ఇంట్లో లేడు. మా బాపు మల్లయ్య అంగట్లో ఎద్దు వీపు మీద చెయ్యి వేస్తే బేరగాళ్లు ఊపిరి బిగబట్టేవారు. పళ్లు చూసి వయసు, తోక చూసి గుణం, నడక చూసి జబ్బు చెప్పేవాడు. ఆయన కొన్న ఎద్దు కుంటడం ఎవరూ చూడలేదు. అలాంటి మనిషి పక్కనుంటే కొనుగోలులో మోసం జరగదని నేను నిజంగానే నమ్మాను.

కోఠీ సందులో కెమెరా సామాను దుకాణం. సేటు రెండు బ్రాకెట్లు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి తెల్లగా, సన్నగా, అల్యూమినియంది. రెండోది నల్లటి ఇనుముది, నాగటి కర్రులా బరువుగా ఉంది, పైన రబ్బరు మెత్త కూడా ఉంది. బాపు రెంటినీ రెండు చేతుల్లో తూచాడు. వేలితో కొట్టి మోత విన్నాడు. వంచి చూశాడు. నోరుంటే పళ్లు కూడా చూసేవాడే.

సేటు నా కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడు. "ఈ సన్నది తీస్కో భాయ్. నీ కెమెరాకు ఇదే మంచిగ పడ్తది. ఆ లావుది వేరే కెమెరాలకు."

బాపు నా మోచేయి పట్టుకుని దుకాణం బయటికి లాక్కొచ్చాడు.

"ఇన్నవా? అడగకముందే సన్నదాన్ని మెచ్చుకుంటున్నడు. అంగట్ల బేరగాడు ఏ ఎద్దును మెచ్చుకుంటడో గదే కుంటిది."

"బాపూ, ఇది ఎద్దు గాదు."

"అమ్మెటోడు మనిషే గద?"

దీనికి జవాబు మీకేమైనా తోస్తే నాకు రాసి పంపండి. నాకు ఇప్పటికీ తోచలేదు. లోపలికి వెళ్లి లావుదే కావాలన్నాను. సేటు భుజాలెగరేశాడు. "మీ మర్జీ. బిగించేటప్పుడు కెమెరా అడుగున జర సూస్కోని బిగించుండ్రి" అన్నాడు. "సరుకు పోతాందని కడుపుమంట" అని బాపు నా చెవిలో గొణిగాడు. తండ్రీకొడుకులం గెలిచిన మొహాలతో బస్సెక్కాం.

అంతటితో ఆగినా బతికిపోయేవాణ్ణేమో. ఇంటికొచ్చాక బాపు కెమెరాను ఒళ్లో పెట్టుకుని, బ్రాకెట్ ఎక్కడ తగులుతుందో చాలాసేపు చూశాడు. ఆయన మొహంలో దిగులు కనిపించింది.

"గీ రబ్బరు సాలదురా. ఇంత ఇనుము ఒత్తుకుంటాంటే కాడి పుండు వడుతది."

"కెమెరాకు కాడి పుండేంది బాపూ?"

"ఎద్దుకు మెడ ఎట్లనో దీనికి అడుగు గట్ల. బరువు మోసే కాడ మెత్త లేకుంటే తోలు లేస్తది." పాత సైకిల్ ట్యూబు తెచ్చి, కత్తిరించి, మడతలు పెట్టి, సొల్యూషన్ రాసి బ్రాకెట్‌కు అంటించాడు.

నేను చదువుకున్నవాణ్ణి, పైగా ఫొటోగ్రాఫర్ని. ఆపాలా వద్దా? నేనేమన్నానో చెబితే మీరు నన్ను క్షమించరు. "ఇంకో మడత వెట్టు బాపూ, మంచిగ కూసుంటది" అన్నాను. ఆయన సంతోషంగా ఇంకో మడత పెట్టాడు. తన ఎద్దులకు చేసినంత ప్రేమగా నా కెమెరాకు చేశాడు.

ప్రయాణం రోజు పొద్దున్నే ఇద్దరం పానగల్ చేరాం. ఖాజామియా ఇంట్లో జనం కిక్కిరిసి ఉన్నారు. నేను ముప్పై ఆరు ఫొటోల కొత్త రోలు వేసి, మూత పెట్టి, ఫిల్మును జరిపే లీవరు లాగి, ఫొటోల లెక్క చూపే అంకెను ఒకటి మీదికి తెచ్చి, అప్పుడు బ్రాకెట్ బిగించాను. నడి ఇంట్లో నీలం గోడ ముందు సుద్దముక్కతో ఒక గీత గీశాను. నేను నిలబడే చోట ఇంకో గీత. ఫ్లాష్‌కు దూరం లెక్క తప్పకూడదు కదా!

"చాచా, ఎవరొచ్చినా నువ్వు గీ గీత దాటొద్దు. వాళ్లే నీ కాడికొస్తరు."

ఆయన మెడ నిండా పూలదండలతో గీత మీద నిలబడ్డాడు. ఒక్కొక్కరే వచ్చి దండ వేయడం, కౌగిలించుకోవడం, నేను ఫ్లాష్ కొట్టడం. ఒక్కొక్కరినీ ఆయన "నేనన్నది, మీరిన్నది మాఫ్ చెయ్యుండ్రి" అని అడుగుతున్నాడు. లీవరు వెన్నలో వేలు పెట్టినట్టు తిరుగుతోంది. రోజూ అంత గట్టిగా ఉండేది ఇవాళ ఇంత మెత్తగా ఎందుకుందని వేరే ఎవరైనా ఆలోచించేవారు. నేను మాత్రం ఇది లావు బ్రాకెట్ మహిమ అనుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, కొత్త బ్రాకెట్ వచ్చినవాడు ఏదీ ఎరగడు.

పక్కింటి నర్సయ్య నా చొక్కా పట్టుకున్నాడు. "యాదగిరీ, మా దాయాది పాలోడు వచ్చిండు. వాడున్న ఫొటోల నేనుండ. నాకు సపరేట్ తియ్యి."

"తీస్త నర్సయ్య మామా, నీ అసొంటోళ్లకే సపరేట్."

మా బాపు కూడా తెల్లటి రుమాల చుట్టుకుని వెళ్లి దోస్తును కౌగిలించుకున్నాడు. అదీ తీశాను. చాచా నన్ను కూడా పిలిచి మాఫీ అడిగాడు. నేను పెద్దమనసు చేసుకుని మాఫ్ చేశాను కూడా. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అంకె ముప్పై దాటింది. లాలుమియా జాడ లేదు. గోడ పక్కన మంచం మీద అమ్మీ కూర్చుని ఉంది. రెండు కళ్లలోనూ మోతిబిందు పొర ముదిరి తెల్లగా కనిపిస్తోంది. ఎవరు వచ్చినా "ఎవరూ?" అంటోంది. బయట జీపు డ్రైవరు హారన్ కొట్టాడు. ఖాజామియా గుమ్మం వైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు. అప్పుడు వాకిట్లో ఎవరో దగ్గారు. ఈసారి అమ్మీ ఎవరూ అనలేదు. "లాలూ" అంది.

జనం పక్కకు జరిగి దారిచ్చారు. లాలుమియా వచ్చి గీత దగ్గర ఆగాడు. కళ్లు నిజంగానే ఎర్రగా ఉన్నాయి.

"భాయిజాన్, అన్నది ఇన్నది మాఫ్ చెయ్యి" అన్నాడు ఖాజామియా. మిగతావాళ్లకు చెప్పిన మాటే, కానీ గొంతు వేరే.

"పన్నెండేండ్లు వట్టిందారా నీకు గా మాట అననీకి?" అన్నాడు లాలుమియా, అంటూనే తమ్ముణ్ణి గట్టిగా పట్టుకున్నాడు. ఆడవాళ్లు ఏడ్చారు, మగవాళ్లు ముక్కులు తుడుచుకున్నారు. మా బాపు రుమాల కొసతో కళ్లొత్తుకున్నాడు. నేను ఏడుస్తూనే ఫ్లాష్ కొట్టాను. ఒకటి, రెండు, మూడు. అమ్మీని తీసుకొచ్చి మధ్యలో నిలబెట్టి మళ్లీ కొట్టాను. ముప్పై ఆరు దాటింది, రోలు అయిపోలేదు. ముప్పై ఎనిమిది. నలభై. నలభై ఒకటి!

"బాపూ, ఐదు ఎక్కువొచ్చినయి!"

"లావుది కొన్నం గద!" అన్నాడు బాపు గర్వంగా.

జీపు కదిలింది. నేను బ్రాకెట్ విప్పి ఫిల్మును వెనక్కి చుట్టాను. రెండు చుట్లకే వదులైపోయింది. ముప్పై ఆరు ఫొటోల ఫిల్ము రెండు చుట్లలో ఎలా చుట్టుకుంది? ఆ ప్రశ్న నా బుర్రకు తట్టలేదు. మనసు నిండా సంతోషమున్నప్పుడు అనుమానానికి జాగా దొరకదు.

కలర్ రోలు కడిగే ల్యాబు హైదరాబాద్‌లోనే ఉండేది. రెండో రోజు వెళ్లాను. కౌంటర్ దగ్గర మనిషి నన్ను చూసి లోపలున్న ఇద్దరిని పిలిచాడు. ముగ్గురూ నన్ను చూశారు. మనసు అప్పుడే కీడు శంకించింది.

"భాయ్, నల్లగొండ రోలు నీదేనా? రోలంత ఖాళీ. ఒక్క ఫ్రేమే ఉంది."

"ఒక్కటా? నలభై ఒకటి తీసిన!"

"అవ్. నలభై ఒకటి గందులనే ఉన్నయి. మీ ఊరంత గందులనే ఉంది."

ఫిల్ము చేతికిచ్చాడు. పొడుగునా ఏమీ లేదు, మొదట్లో ఒక్క నల్ల గడి, బొగ్గులా. కెమెరా తీయించి తలకిందులు చేసి, అడుగున శనగగింజంత బొత్తాం చూపించాడు. రోలు అయిపోయాక దాన్ని నొక్కితే లోపలి పళ్లచక్రం ఫిల్మును వదిలేస్తుంది, అప్పుడు వెనక్కి చుట్టుకోవచ్చు. ఇది నాకు తెలిసిన విషయమే. నాకు తెలియనిదల్లా, మా బాపు ట్యూబు మడతలు సరిగ్గా ఆ బొత్తాం మీద కూర్చుని పొద్దంతా దాన్ని నొక్కిపట్టాయన్నది. లీవరు తిరిగింది, అంకె మారింది, ఫిల్ము మాత్రం ఉన్నచోటే ఉంది. సేటు చెప్పిన సన్న రకం బ్రాకెట్లకు ఆ బొత్తాం దగ్గర చిన్న కోత ఉంటుందట.

"లీవరు గుంజినప్పుడు ఫిల్ము కదిలితే గీ ఎడమ దిక్కు చక్రం తిరగాలె. తిరుగుతాందా లేదా సూడలేదా?"

చూడలేదు. ఏమని చెప్పను? నా జుట్టు కళ్లలో పడుతుంటే అది సర్దుకోవడానికే సరిపోయింది.

పాపం, అతను కష్టపడి ఒకేలాంటి పెద్ద ప్రింట్లు రెండు తీసిచ్చాడు. ఏమని వర్ణించను! గీత దాటని ఖాజామియా మాత్రం మధ్యలో కాస్త గుర్తు పట్టేలా ఉన్నాడు. ఆయన చుట్టూ, మీదా, లోపలా బుట్టలో బత్తాయిల్లా తలకాయలు. ఎన్ని చేతులో లెక్కలేదు. వీటన్నిటి మీదా పాలు ఒలకబోసినట్టు తెల్లటి పొగ. ఆ పొగలో ఎక్కడో ఒక అన్న ఒక తమ్ముణ్ణి పన్నెండేళ్ల తర్వాత కౌగిలించుకుని ఉన్నాడు.

తిరుగు బస్సు చిట్యాలలో ఆగింది. ఇక్కడే దిగి, వెనకాలే వచ్చే విజయవాడ బస్సెక్కి, ఎవరూ తెలియని ఊళ్లో మైలురాళ్లకు సున్నం వేసుకుంటూ బతుకుదామా అని నిజంగా ఆలోచించాను. అమ్మీ ఎదురుచూస్తూ ఉంటుంది. చాచా సముద్రం దాటిపోయాడు. ఆ కౌగిలింత మళ్లీ ఎక్కడినుంచి తేవాలి?

ఇంట్లో ప్రింటును బాపు ముందు పెట్టాను. ఆయన దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా చూశాడు. "అందరొచ్చిండ్రు గద. ఒక్కరు గూడ తప్పిపోలే" అన్నాడు. నేను బొత్తాం సంగతి చెప్పాను. ఆయన బ్రాకెట్ తీసుకుని, గోరుతో ఆ ట్యూబు ముక్కలన్నీ ఒక్కొక్కటే పీకేశాడు. మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అంగట్లో ఎదురులేని మనిషిని నా చేతకానితనం ఇలా కూర్చోబెట్టిందే అని నాకు బాపు మొహం చూడబుద్ధి కాలేదు.

ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు, నా పుండు ఊరందరికీ ముద్దే. ఫొటోల కోసం వచ్చినవాళ్లకు వచ్చినట్టు అదే ప్రింటు చూపించాను. నర్సయ్య దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి పావుగంట చూసి వచ్చాడు.

"నేను సపరేట్ అన్ననా లేదా?"

"అన్నవ్ మామా."

"మరి నా బుజం మీద మా పాలోని తలకాయ ఎందుకుంది?"

ఇంక మిగిలింది అమ్మీ. నిజం చెప్పేద్దామనే పానగల్ వెళ్లాను. ఆమె ప్రింటును రెండు చేతులా పట్టుకుని ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుంది. నేను నోరు తెరిచేలోపే ఆమె మొహం విప్పారింది.

"మంచిగొచ్చింది బిడ్డా! అందరు అగుపడుతున్నరు."

"అగుపడుతున్నరా అమ్మీ?"

"నాకు ఎవర్ని సూసినా గిట్లనే అగుపడుతరు, పొగల ఉన్నట్టు. ఇంతకు ఖాజా ఏడున్నడు, లాలు ఏడున్నడు? జర నా ఏలు వెట్టి సూపియ్యి."

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేకపోయాను. ఆమె వేలు పట్టుకుని పొగలో కాస్త తెల్లగా మెరుస్తున్న చోట ఆనించాను. "గీడున్నరమ్మీ, ఇద్దరు." ఆమె ఆ చోటును ముద్దు పెట్టుకుంది. ఫ్రేము కట్టించి మంచం పక్కన గోడకు వేలాడదీయించింది. ఆ ఇంట్లోంచి బయటికొస్తుంటే నా మీద నాకే రోత పుట్టింది.

రెండు నెలలు గడిచాయి. ఖాజామియా హాజీసాబై తిరిగొచ్చాడు. నాకు మక్కా ఖర్జూరాలు, జమ్‌జమ్ బావి నీళ్లు పంపాడు. నేను వాటిని ముట్టుకోలేదు. ఆయన లేనప్పుడు లాలుమియా రెండు తోటలకూ తానే నీళ్లు పెట్టాడు. పెట్టిపెట్టి మోటరు కాలిపోయింది. కాలింది ఎవరి వంతులో అన్న మాట మీద గొడవ మళ్లీ మొదలైంది. ఒకరోజు అన్నదమ్ములిద్దరూ నా దుకాణానికి వచ్చారు.

"భాయిజాన్, నువ్వు నన్ను మాఫ్ చేసినవ్. ఇగ పాత ముచ్చట్లు తియ్యొద్దు."

"మాఫ్ చేసిన్నా? ఎప్పుడు? ఫొటో సూపియ్యి!"

"యాదగిరీ, ఫొటో సూపియ్యి!"

నా దగ్గర మిగిలిన రెండో ప్రింటు ఇచ్చాను. హాజీసాబ్ నిలువుగా చూశాడు, అడ్డంగా చూశాడు. "ఇండ్ల భాయిజాన్ ఏడున్నడు బిడ్డా?"

"నీ పక్కకే చాచా. ఇరవై మంది ఎనక. గిదిగో, నీ వీపు మీద ఆయన చెయ్యి."

లాలుమియా వంగి చూశాడు. "గీ చేతికి ఉంగరముంది. నాకు ఉంగరం లేదు." అంతే, ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు వెళ్లిపోయారు. నేను బల్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క ఫొటో సరిగ్గా వచ్చి ఉంటే ఆ ఇద్దరూ ఇలా పోయేవారు కాదు. నా వృత్తి మీద నాకు నమ్మకం పోయింది అప్పుడే.

తర్వాత కొన్నాళ్లకు హాజీసాబ్ తల్లిని దవాఖానకు తీసుకెళ్లి కళ్లకు ఆపరేషన్ చేయించాడని తెలిసింది. అందరూ సంతోషించారు. నాకు మాత్రం జ్వరం వచ్చింది.

అనుకున్నట్టే ఒక పొద్దున దుకాణం ముందు రిక్షా ఆగింది. సీసా అడుగుల్లాంటి అద్దాలు పెట్టుకుని, చంకలో ఫ్రేముతో అమ్మీ దిగింది. ఫ్రేమును బల్ల మీద పెట్టి నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"యాదగిరివి నువ్వేనా? జుట్టు కత్తిరిచ్చుకో."

"అట్లనే అమ్మీ."

"డాక్టరు నా కండ్ల పొర తీసిండు బిడ్డా. గా పొర పొయ్యి నీ ఫొటోకెక్కింది."

నేను తల వంచుకున్నాను.

"నా ఏలు వెట్టి సూపిచ్చినవ్ గద, ఖాజా, లాలు అని. నిన్న అద్దాలు వెట్టుకోని సూసిన. గది మీ బాపు రుమాల. మూడు నెలల సంది పొద్దున లేస్తే నేను ముద్దు వెట్టుకుంటున్నది మల్లయ్య రుమాలను!"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కాళ్ల మీద పడబోయాను. ఆమె భుజం పట్టుకుని లేపింది. "పడితే పడ్డవ్ గని, ముందు నీ ఫొటో డబ్బ తియ్యి. ఇద్దర్ని తోల్కొచ్చిన" అని బయటికి చూపించింది. రిక్షాకు అటువైపు ఒకరు, ఇటువైపు ఒకరు, వీపులు తిప్పుకుని నిలబడి ఉన్నారు.

ఫ్లాష్ లేదు, బ్రాకెట్ లేదు. వీధిలో ఎండ బాగా ఉంది. ఒట్టి కెమెరాలో కొత్త రోలు వేసుకుని బయటికొచ్చాను. తల్లి చూస్తుండగా అన్నదమ్ములు కౌగిలించుకున్నారు, రెండు కర్రలు ఒకదానికొకటి ఆనించినట్టు. కొట్టాను. లీవరు లాగాను. ఎడమవైపు చక్రం తిరిగింది. అయినా నాకు నమ్మకం కుదరలేదు.

"ఇంకొక్కటి చాచా."

మళ్లీ కౌగిలించుకున్నారు. చక్రం తిరిగింది. "ఇంకొక్కటి." నాలుగోసారికి దారిన పోయేవాళ్లు ఆగారు. ఏడోసారికి హాజీసాబ్‌కు నవ్వు ఆగలేదు. పన్నెండోసారికి లాలుమియా తమ్ముడి భుజం మీంచి తల ఎత్తి అరిచాడు.

"అరే భాయ్, వీన్ని ఇంకెన్నిసార్లు మాఫ్ చెయ్యాలె?"

జవాబు రిక్షాలో కూర్చున్న అమ్మీ చెప్పింది.

"రోలంత అయ్యేదాక."

ముప్పై ఆరుసార్లు చేశారు. చివర్లో ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతున్నారు, ఎవరు ఎవరిని పట్టుకుని నిలబడ్డారో తెలియనంతగా. అన్నీ వచ్చాయి. ఏ ఒక్క దాంట్లోనూ కళ్లు ఎర్రగా లేవు.

కనుక సభాముఖంగా, తడిబట్టలతో అయితే ఇంకా మంచిది గానీ ప్రస్తుతానికి పొడిబట్టలతోనే, ప్రమాణం చేస్తున్నాను. బరువు తూచి సామాను కొనను. ఎంత ప్రేమ పొంగుకొచ్చినా కెమెరా కింద మెత్త వేయను, వేయనివ్వను. లీవరు లాగిన ప్రతిసారీ చక్రం తిరిగిందా లేదా చూస్తాను. తిరగకపోతే, ఎదురుగా కౌగిలించుకున్నవాళ్లు ఎంతటి బద్ధశత్రువులైనా సరే, అది తిరిగేదాకా ఒకరినొకరు వదలనివ్వను.